మరియక్క దొంగలెక్క

దయ్యాలంటే నాకు నవ్వొస్తది. ముందుగాల్నే చెప్తున్న, ఇదంత చదివి "పద్మ గూడ భూతవైద్యం మొదలువెట్టింది" అనుకోవద్దు. పెండ్లయిన కొత్తల మేము సూర్యాపేటల బొందలగడ్డ పక్కన కిరాయికున్నం, ఏడేండ్లు. నేను దండెం మీద బట్టలారేస్తుంటె గోడ అవతల శవం కాలుతుండేది. మా అత్తమ్మ భయపడి దర్వాజకు నిమ్మకాయలు కట్టేది, నేను వాటిని తెంపి పులిహోర కలిపేదాన్ని. ఏ దయ్యమూ వచ్చి నా నిమ్మకాయలేవని అడగలే.

అట్లాంటి నేను ఇది ఎందుకు రాస్తున్ననంటె, ఏడాది నుంచి కడుపుల పెట్టుకోని తిరుగుతున్న. జరిగింది జరిగినట్టు రాస్త. ఒక్క ముక్క కలపను.

నాది కుట్టుమిషన్ దుకాణం. బ్లౌజులు, ఫాల్సులు, బడి పిల్లల యూనిఫారాలు. పొద్దంత కూసునే పని. నలభై అయిదేండ్లకే షుగరొచ్చి కూసున్నది. డాక్టరమ్మ గోలీలు రాసి, గోలీల కంటె ముందు నడువమన్నది. మా ఆయన మిర్యాలగూడల రైసుమిల్లు గుమాస్తా, ఆదివారమే ఇంటికొస్తడు. ఒక్కదాన్నే నడువాలంటె సిగ్గు. అప్పుడు మా గల్లిల మరియక్క, "నడు పద్మా, నాకు గూడ మోకాళ్లు పట్టేసినయ్" అని చెప్పులేసుకోని బయలెల్లింది.

మరియక్క అంగన్‌వాడీల ఆయమ్మ. నాకంటె ఆరేండ్లు పెద్దది. ఆమె భర్త మేళ్లచెరువు దిక్కు సిమెంటు లారీ నడిపేటోడు, బిడ్డ చిన్నగున్నప్పుడే పోయిండు. అప్పటి సంది తల్లీ బిడ్డా ఇద్దరే, ఒకటే రూము. బిడ్డ పేరు రూతు. డిగ్రీ అయిపోయింది, పోలీసు కానిస్టేబులు కావాలని పట్టుబట్టి కూసున్నది.

ఊరి బయట గుట్టల కింద ఫారెస్టోళ్లు కంచె ఏసి పార్కు చేసిండ్రు. వెనకట అది ఉత్త తుమ్మచెట్లు, రాళ్లు. మా పుట్టినిల్లు పెన్‌పహాడ్ దిక్కు, గొర్లకాపర్లం. ఒక ఎండాకాలం మా నాయిన మందను తోలుకొచ్చి అక్కడ్నే మేపిండు. ఇప్పుడు లోపల ఎర్రమొరం పోసి నడిసేటందుకు ఒక తొవ్వ, సైకిళ్లకు ఒక తొవ్వ ఏసిండ్రు. వేపలు, కానుగలు, సీతాఫలం పొదలు. పొద్దుగాల ఆరింటికి పోతె నెమళ్లు తొవ్వ మీద్నే నిలబడి, నువ్వే పక్కకు జరుగు అన్నట్టు సూస్తయ్.

నిజం చెప్తున్న, ఆ పార్కు అంటే నాకు పిచ్చి పట్టింది. మొదట్ల ఒక్క రౌండుకే ఆయాసం. నెల తిరిగేసరికి నాలుగు రౌండ్లు. వానపడ్డ తెల్లారి ఆ మొరం వాసనకు కడుపు నిండేది, టిఫిన్ గూడ యాదికి రాకపోయేది. ఒకరోజు గేటు కాడ కిరాయి సైకిలు తీసుకున్న. చిన్నప్పుడు తొక్కిన గదా అనుకున్న. మొదటి మలుపుల్నే తంగేడు పొదల పడ్డ. మరియక్క నన్ను లేపకుంట తొవ్వ మీద కూలబడి నవ్వింది. వాచర్ సైదులు ఉరికొచ్చి లేపిండు. అయినా ఇడువలే, వారం రోజులల్ల సైకిలు మీద పార్కంత చుట్టొచ్చిన. వెనక క్యారేజి మీద కూసోమంటె మాత్రం మరియక్క దండం పెట్టేది.

రూతు పరుగుకొచ్చేది. కిందటిసారి ఈవెంట్సుల్నే, అంటె పరుగు, దుముకుడు పరీక్షలల్నే, రాతపరీక్ష దాక పోకుంట ఆగిపోయింది, పరుగుల రెండు సెకన్లల పోయింది. రెండు సెకన్లంటె సూదిల దారం ఎక్కిచ్చే టైము గూడ కాదు. ఈసారి మళ్ల నోటిఫికేషన్ పడ్డది. వయసు లెక్క సూస్తె ఇదే ఆఖరిసారి. కోచింగు సారు రోజూ ఎనిమిది రౌండ్లు ఉరకమన్నడు.

ఇగ రాళ్ల ముచ్చట చెప్పాలె. అది మా నాయిన కాడి నుంచి వచ్చిన అలవాటు.

గొర్లను నోటితోటి లెక్కపెట్టద్దంటరు మా వోళ్లు, దిష్టి తగుల్తది. అందుకే మా నాయిన పొద్దుగాల మందను దొడ్డిల నుంచి ఇడిచేటప్పుడు పదింటికి ఒక రాయి గొంగడి కొసకు ముడేసుకునేటోడు. మాపటికి జీవాలు తిరిగొచ్చి దొడ్డిలకు పోతుంటె, పదింటికి ఒక రాయి తీసి పారేసేటోడు. ముడిల రాయి మిగిలిందంటె మందల తక్కువున్నదని లెక్క. ఆ రాయిని మాత్రం పారెయ్యకపోయేది. దాన్ని అట్లనే ముడిల పెట్టుకోని ఎతకపోయేటోడు. జీవం బయటుండంగ రాయి పారేస్తె దానికి ఇంటి తొవ్వ మూసినట్టే అనేటోడు.

నాకు ఎనిమిదేండ్లున్నప్పుడు ఆడుకుంట ఆ ముడి ఇప్పి రాళ్లు పారబోసిన. ఆ రోజు ఒక సూడిగొర్రె తప్పిపోయింది. మా నాయిన మూడురోజులు గుట్టలల్ల తిరిగిండు, దొరకలే. తోడేలే తిన్నదో, ఎవడన్న పట్టుకపోయిండో. మా నాయిన నన్ను కొట్టలే, తిట్టలే. "రాయి తీసినవ్ గద బిడ్డా" అన్నడు, అంతే. ఆ మాట కంటె రెండు దెబ్బలు కొట్టినా అయిపోయేది.

ఈ ముచ్చట నేను మరియక్కకు ఒకరోజు నడుసుకుంట చెప్పిన. ఆమెకు మస్తు నచ్చింది. మూడు వేపచెట్ల మలుపు కాడ కూసునేటంత ఎత్తు బండ ఒకటుంటది. అప్పటి సంది మేము దాని మీద రౌండుకొక రాయి పెట్టుడు మొదలువెట్టినం. నావి నల్లరాళ్లు. మరియక్క మోకాళ్లు రెండు రౌండ్లకే మొరాయించేటియి, బండ మీద కూలబడి బిడ్డ రౌండ్లకు రాళ్లు పెట్టేది. రూతుకు తెల్లటి పలుగురాళ్లే పెట్టాలె, నల్లయి ముట్టకపోయేది. ఒకదానికొకటి ఆనిచ్చి, గుండీలు కుట్టినట్టు సక్కగ వరుస పెట్టేది. అందరం ఇంటికి మళ్లేటప్పుడు రాళ్లన్నీ పారేసేది. ఎవ్వలన్న ఇంకా తొవ్వ మీదుంటె మాత్రం ముట్టద్దు. అది మా నాయిన కట్టడి, పార్కుల గూడ అదే నడిసింది.

మరియక్కకు ఒక దొంగబుద్ధి ఉండేది. బిడ్డ మొఖం ఎర్రగై రొప్పుకుంట వస్తుంటె పానం ఆగేది కాదు. ఏడో రౌండు కాంగనే ఏడోది, ఎనిమిదోది రెండు రాళ్లు ఒక్కసారే పెట్టేది.

"అమ్మా, ఏడే అయినయ్."

"రాళ్లు అబద్ధం చెప్తయా బిడ్డా? ఎనిమిదున్నయ్ సూడు, ఇగ చాలు."

"దొంగలెక్క పెట్టకే అమ్మా!" అనుకుంటనే రూతు ఎనిమిదోది గూడ ఉరికేది. రోజూ ఇదే లొల్లి. నేను ఈమెను తిట్టేదాన్ని, నీ బిడ్డను నువ్వే ఫెయిలు చేస్తవ్ అని. మరియక్క నోటికి కొంగడ్డం పెట్టుకోని నవ్వేది.

వానలు ఎనకపట్టినంక ఒక పొద్దు. నేను నాలుగు రౌండ్లు తిరిగి బండ కాడికొచ్చిన. మరియక్క నొసలు మీద చెమట. చలిపొద్దుల చెమటేందక్కా అంటె, గ్యాసు పట్టింది, తగ్గుతది అన్నది. చెయ్యి ఎద మీద్నే ఉన్నది. నాకు పరేషానైంది. లే, ఇంటికి పోదాం అన్న. బిడ్డకు ఇంకా ఉన్నయ్, అయినంక పోదాం అన్నది. నేను ఊకోలే. నా నోరు నాకు తెలుసు గదా. "నీ లెక్కకు అగ్గితగల, ఖతం, అయిపోయింది లే" అని బండ మీది రాళ్లన్నీ అరచేత్తోటి ఒక్క ఊడ్పు ఊడ్సిన.

మరియక్క ఆ ఖాళీ బండను సూసింది. "అట్లెట్ల తీస్తవ్ పద్మా, పిల్ల ఇంకా తొవ్వ మీదున్నది గద" అన్నది.

నాతోటి ఆమె మాట్లాడిన ఆఖరి మాట అదే. రూతును కేకేసి పిలిసిన, సైదులు ఆటో తెచ్చిండు, దవాఖానకు పోయినం. డాక్టర్లు చేసేదంత చేసిండ్రు. మధ్యాహ్నానికి మరియక్క లేదు.

సమాధి తోటల మట్టి ఏస్తుంటె నాకు మా నాయిన మాటే ఇనబడ్డది. రాయి తీసినవ్ గద బిడ్డా. దయ్యాలను నమ్మనిదానివి రాళ్లను నమ్ముతవా అంటె ఏం చెప్పాలె? బుద్ధికి తెలుసు, గుండెపోటుకూ రాళ్లకూ సంబంధం లేదని. కాని చెయ్యికి తెల్వదు. ఆ అరచెయ్యి రోజూ మండేది.

రూతు పరుగు బంద్ పెట్టింది. బూట్లు ఎవ్వలికో ఇచ్చేసింది. కోదాడల మేనమామ ఉంటడు, ఆయన వచ్చి తోలుకపోయిండు. అక్కడ బట్టల దుకాణంల సేల్స్‌గర్లుగ పెడ్తమన్నరట. ఈవెంట్సుకు మూడు నెలలు గూడ లేదు. ఫోను చేస్తె, తిన్నవా చిన్నమ్మా అంటది, తిన్న అంటది, పెట్టేస్తది. పరుగు మాటెత్తితె వేరే ముచ్చట తీస్తది. మరియక్క బతుకంతా ఈ పిల్ల ఒంటి మీద ఖాకీబట్ట సూద్దామనే. ఆ బట్ట నేనే కుడ్తనని మాటిచ్చిన.

నలభయ్యో రోజు జ్ఞాపకార్థ కూడిక అయినంక, తెల్లారి నేను మళ్ల పార్కుకు పోయిన. అన్నిరోజులు పోబుద్ధి కాలే. షుగరు మూడు వందలు దాటింది, డాక్టరమ్మ తిట్టింది.

మలుపు కాడికి పోయి సూస్తె బండ మీద పలుగురాళ్లు. తెల్లయి, ఆరు. ఒకదానికొకటి ఆనిచ్చి వరుసగ.

ఎవరో పిల్లలు పెట్టిండ్రనుకున్న. సైదులును అడిగిన. "అక్కా, నేను ఆకులు ఊడుస్త గాని రాళ్లు పేరుస్తనా?" అన్నడు. బడిపిల్లలు గూడ ఆ వారం రాలేదన్నడు. నేను ముట్టుకోకుంట ఇంటికొచ్చిన.

రెండో రోజు అవి అట్లనే ఉన్నయ్. నాకు కోపమొచ్చింది. ఎవ్వలో నాతోటి ఆటాడుతున్నరనిపిచ్చింది. బట్టల మీద గీతలు గీసే నీలం సుద్ద నా సంచిల ఎప్పుడూ ఉంటది. ఆరు రాళ్లనూ తిప్పి, అడుగున ఒక్కోదానికి ఒక ఇంటూ మార్కు పెట్టిన. మూట కట్టుకోని దుకాణానికి తెచ్చి గుండీల డబ్బాల ఏసిన. అది పాత బిస్కెట్ల రేకుడబ్బా, మూత తియ్యాలంటె కత్తెర పెట్టి ఎత్తాలె. దుకాణం తాళంచెవి నా మెడల పుస్తెలతాడుకే ఉంటది.

మూడో రోజు సైదులు గేటు తాళం తీస్తుంటె నేను అక్కడ్నే నిలబడ్డ. నాకంటె ముందు ఎవ్వలూ లోపలికి పోలే. ఆ పొద్దు మంచు బాగ పడ్డది, బండంత తడిసి ఉన్నది. బండ మీద ఆరు పలుగురాళ్లు. తిప్పి సూసిన, సుద్ద మార్కు లేదు. వేరే రాళ్లు. ఒక్కోటి లేపి సూస్తె కింద బండ పొడిగున్నది. అంటె మంచు పడకముందే పెట్టినట్టు. ముందటి మాపు సైదులు బండ ఖాళీగ సూసినంకనే గేటుకు తాళమేసిండట.

ఆదివారం మా ఆయనను తీస్కపోయిన. ఆయన ముందు కోతులన్నడు. కోతులు వరుస పెడ్తయా, తెల్లయి ఏరుతయా అన్న. వొంగి సూసిండు, చేతులు ఎనకకు కట్టుకోని కొంచెంసేపు నిలబడ్డడు. తర్వాత "పోదాం, ఇడ్లీలు చల్లారుతయ్" అన్నడు. 

నన్ను తొలిచింది రాళ్లు కాదు, ఆ ఆరు. ఏడు ఎందుకు కాదు, అయిదు ఎందుకు కాదు? ఆ రోజు నేను ఎన్ని ఊడ్సిననో నాకే తెల్వదు, సూడకుంటనే ఊడ్సిన. ఆ రాత్రి రూతుకు ఫోను చేసిన. ఒకటే అడిగిన. ఆ రోజు నీకు ఎన్ని రౌండ్లయినయ్ బిడ్డా?

 రూతు అన్నది, "ఆరు. ఇంకా రెండున్నయ్."

 ఇగ దాచలే, రాళ్ల ముచ్చట చెప్పేసిన. రూతు నన్ను తిట్టినంత పని చేసింది. "నువ్వే పెడ్తున్నవ్ చిన్నమ్మా. నన్ను రప్పియ్యాలని నాటకమాడుతున్నవ్. మా అమ్మ పేరు మీద ఆడకు." నేను ఎన్ని ఒట్లేసినా ఇనలే. ఫోను పెట్టేసింది.

రెండురోజులకు ఎట్లనో తనే వచ్చింది, రూముల ఉన్న సామాను ఖాళీ చెయ్యాలని. బస్సు దిగి సక్కగ నా దుకాణానికొచ్చింది. సంచి గూడ దించలే. "నడు, ఆ రాళ్లేవో సూపియ్యి. నా చేత్తోటి పారేస్త, అప్పుడన్న నీకు బుద్ధొస్తది" అన్నది. నడిచే టైము కాదు, తొమ్మిదైంది, ఎండెక్కింది. అయినా పోయినం. మరియక్క కోపం గూడ గంతే, ముక్కు మీద్నే ఉంటది. తొవ్వంత ఆ పిల్లను ఓరకంట సూస్తనే ఉన్న. సగమైపోయింది, దవడలు బయటికొచ్చినయ్.

బండ కాడికి రాంగనే రూతు ఆగిపోయింది. ఆరు రాళ్లు. ఆ వరుసను వొంగి సూసింది. మరుక్షణం కోపంతోటి అరచెయ్యి ఎత్తింది, ఊడ్సేటందుకు.

నేను ఎట్ల ఉరికిననో తెల్వదు. ఆ చెయ్యి పట్టుకున్న. "తియ్యకే! నీకు దండం పెడ్త, తియ్యకు!" అని అరిసిన. నా గొంతుకు నెమళ్లు లేసిపోయినయ్.

అప్పుడు చెప్పిన. ఆ రోజు నువ్వు తొవ్వ మీదుండంగ నేను ఊడ్సిన బిడ్డా, మీ అమ్మ వద్దన్నది, ఇనలే. మా నాయిన మాట దాటిన, చిన్నప్పుడు ఒకసారి, పెద్దయినంక ఒకసారి. ఎక్కెక్కి ఏడ్సిన. నలభై అయిదేండ్ల మనిషిని, ముక్కు కారుతుంటె తుడుచుకోలే.

రూతు నన్ను సూసుకుంట నిలబడ్డది. దాని కోపం ఎటుపోయిందో పోయింది. బండకానుకోని కింద కూసున్నది.

"చిన్నమ్మా, అయిదో రౌండుల్నే సూసిన. అమ్మ ఎద మీద చెయ్యి పెట్టుకున్నది. ఆగుదామనుకున్న. ఈ ఒక్క రౌండు అనుకున్న. కాలు బాగ పడుతున్నది ఆ రోజు. ఆగలే."

నేను రాళ్లు తీసి చంపిన అనుకుంట నేను, ఆగకుంట ఉరికి చంపిన అనుకుంట అది. ఇద్దరం ఇన్నిరోజులు ఒకరికొకరం చెప్పుకోలే. ఫోనుల తిన్నవా, తిన్న. ఆడోళ్లం ఎంత పిచ్చోళ్లం.

మరియక్క ఉంటె మా ఇద్దరికీ చెరొక మొట్టికాయ ఏసేది. ఆ మాటే అన్న. రూతుకు ఏడుపుల నవ్వొచ్చింది. లేసింది. చెప్పులిడిసింది, చున్నీ నడుముకు కట్టుకున్నది. నేను రమ్మనలే, పొమ్మనలే. రెండున్నయ్ గద అన్నది. ఉరికింది.

నేను బండ పక్కన కూసున్న. చేతుల ఒక పలుగురాయి ఏరి పట్టుకున్న. వేపచెట్ల అవతల దాని అడుగుల సప్పుడు దూరం పోయి మళ్ల దగ్గరికొచ్చింది. నెలన్నర పైన పరుగు లేని ఒళ్లు, మలుపు తిరిగేసరికి మొఖం కమిలింది, నోరు తెరిసి ఊపిరి గుంజుతున్నది. నా చేతిల ఉన్న రాయి వరుస చివర పెట్టిన. ఏడు. నేనే పెట్టిన, ఏడు.

రూతు నా ముందుకొచ్చి మోకాళ్ల మీద చేతులానిచ్చి వొంగింది. నేను లేసి సంచిల నుంచి నీళ్ల సీసా తీసిచ్చిన. ఈపు నిమిరిన. నా కండ్లు బండ మీది నుంచి తీసింది అంతసేపే, సీసా మూత తీసి నీళ్లు తాగిచ్చినంతసేపు.

"చాలు చిన్నమ్మా, నాతోటి కాదు ఇగ" అనుకుంట రూతు తల తిప్పింది. అట్లనే ఉండిపోయింది.

బండ మీద ఎనిమిది.

"నువ్వు రెండు పెట్టినవా?"

"ఒక్కటే బిడ్డా. మా నాయిన మీద ఒట్టు."

చుట్టూ ఎవ్వలూ లేరు. సైదులు గేటు కాడ చాయ్ తాగుతున్నడు, ఆడి నుంచి పిలిస్తె గూడ ఇనబడదు. గాలి లేదు. ఎనిమిదో రాయి ఏడోదానికి ఆనుకోని సక్కగ కూసున్నది.

భయమైందా అంటె, నిజంగ కాలే. నా నోట్లెకెళ్లి తిట్టొచ్చింది. "ఓసి దొంగమొఖమా!" అన్న. రూతు నోటికి చెయ్యడ్డం పెట్టుకున్నది, అచ్చం వాళ్లమ్మ లెక్క. కండ్లపొంటి నీళ్లు కారుతున్నయ్, నవ్వుతున్నది.

"అమ్మా, ఏడే అయినయ్" అన్నది బండతోటి. "దొంగలెక్క పెట్టకే."

అని మళ్ల ఉరికింది. ఎనిమిదోది. కాళ్లు లేస్తలేవు, మధ్యల నడిసింది, మళ్ల ఉరికింది, కాని తిరిగొచ్చింది. వచ్చి బండకు కడుపానిచ్చి పడ్డది.

కొంచెంసేపు కూసున్నం. ఎండ వేపాకులల్లకెళ్లి బండ మీద పడుతున్నది. ఇప్పుడు తియ్యొచ్చా అని అడిగింది. అందరం వస్తెనే తియ్యాలె అన్న. "వచ్చినం గద" అన్నది రూతు. తలూపిన. ఒక్కో రాయి తీసి సీతాఫలం పొదలల్లకు ఇసిరింది. ఏడు ఇసిరింది. ఎనిమిదోది చేతులకు తీసుకోని, ఇదేంది చిన్నమ్మా అని తిప్పి సూపిచ్చింది.

అడుగున నీలం సుద్దతోటి ఇంటూ మార్కు.

 రూతును ఎంటబెట్టుకోని దుకాణానికి ఉరికిన, ఎక్కడ తొవ్వ దాటిననో ఎక్కడ ఆటో ఎక్కిననో యాదికి లేదు. తాళం తీసిన. రేకుడబ్బా మిషన్ కింద నేను పెట్టిన జాగల్నే ఉన్నది. కత్తెరతోటి మూత లేపిన. గుండీలన్నీ పాత చీర మీద కుమ్మరిచ్చి ఏరిన. పలుగురాళ్లు అయిదే ఉన్నయ్. అయిదింటికీ మార్కున్నది.

రూతు ఇప్పటికీ నన్నే అనుమానిస్తది. నువ్వే ఆ రాయిని కొంగుల తెచ్చినవ్ చిన్నమ్మా అంటది. అననియ్యి. దాని లెక్కల అట్లున్నా నాకు నష్టం లేదు. కాని నా చెయ్యి నాకు తెలుసు గదా. నేను తేలే.

తెల్లారి పోయి సూస్తె బండ ఖాళీ. ఆ తర్వాత ఒక్క తెల్లరాయి గూడ కనబడలే. రూతు కోదాడ పోలే, మా ఇంట్ల మిషన్ పక్కన్నే పండుకోని రోజూ పార్కుకొచ్చింది. ఈవెంట్సు రోజు నేను గేటు బయట నిలబడ్డ, ఆడపిల్లల అమ్మలందరి మధ్యల. పరుగుల టైముకు ముందే వచ్చేసిందట. ఫోనుల ఒకటే ఏడుపు. రాతపరీక్ష గూడ గట్టెక్కింది. ఖాకీబట్ట కొలతలు తీస్తుంటె రూతు ప్యాంటు జేబుల ఏదో గట్టిగ తగిలింది. సుద్ద మార్కు చెరిగిపోయింది గాని, రాయి అదే.

ఎట్ల జరిగిందో నాకు తెల్వదు. పాస్టరుగారు ఒకటి చెప్పొచ్చు, మా అత్తమ్మ ఒకటి చెప్పొచ్చు, డాక్టరమ్మయితె షుగరు ఎక్కువైతె గట్లనే అంటది. ఎవ్వల మాటా ఆ డబ్బాల అయిదు రాళ్లకు జవాబు కాదు. దయ్యమనడానికి నాకు నోరు రాదు. దయ్యమైతె భయపెట్టాలె గద, ఇది బిడ్డ అలిసిపోయిందని ఒక రౌండు తగ్గిచ్చుడు.

నేను ఇప్పుడు ఒక్కదాన్నే నడుస్త. మోకాళ్లు నొస్తున్నయ్, మూడో రౌండుకే పానం గుంజుతది. మలుపు కాడ నల్లరాయి పెట్టుకుంట రోజూ అంటనే ఉన్న, అక్కా, నాకు గూడ ఒక్కటి ఎక్కువ పెట్టరాదూ అని. నీళ్లు తాగేటట్టు చేసి మొఖం గూడ తిప్పుకుంట, ఆమెకు సందియ్యాలని.

తిరిగి సూస్తె మూడే ఉంటయ్. బిడ్డకు పెట్టింది గాని నాకు మాత్రం పెట్టదు. ఇగ లేసి నాలుగోది తిరుగుత.